స్కోరు తెలియనట్టు రాయి

తమ్ముడూ,

ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) ఆటల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. పాత వారం ఏదైనా ఒకటి తీసుకుని రాసి చూడమంటే 2022 సీజన్ 15వ వారాన్నే పట్టుకున్నావు, గట్టివాడివే. డిసెంబర్ 15 గురువారం నుంచి 19 సోమవారం దాకా 16 మ్యాచ్‌లు. ఎన్ఎఫ్ఎల్ చరిత్రలో అతి పెద్ద కమ్‌బ్యాక్, అంటే వెనకబడి లేచి గెలవడం, ఆ వారమే. ఇంతకంటే తెలివితక్కువగా ఎవరైనా ఓడిపోగలరా అనిపించే ముగింపు కూడా ఆ వారమే. అలాంటి వారం గురించి ఏం రాసినా చదువుతారు కదా అనుకుంటాం. నిజానికి అదే కష్టం. వీడియోలో అందరూ చూసేసిన వింతని మళ్లీ చెబితే ఎవడికి కావాలి?

ముందు ఒక కత్తిరింపు. పదహారు ఆటలకీ పదహారు పేరాలు రాశావు. పాంథర్స్ మీద స్టీలర్స్ 24-16తో గెలిచారని, కార్డినల్స్ మీద బ్రాంకోస్ 24-15తో గెలిచారని నీ దగ్గర తెలుసుకోవాల్సిన పని నాకు లేదు. ఆ రెండిటి మీదా నీకు అభిప్రాయమే లేదని చదువుతుంటేనే తెలిసిపోతోంది. తీసెయ్. అన్ని ఆటలూ కవర్ చేయడానికి జీతాలు తీసుకునేవాళ్లు వేరే ఉన్నారు. అభిమానికి నాలుగైదు ఆటలు చాలు, అవి నిద్ర పట్టనివ్వనివి అయితే.

ఇక అసలు విషయానికొస్తాను. శనివారం మినియాపొలిస్‌లో కోల్ట్స్ హాఫ్‌టైమ్‌కి 33-0తో ముందున్నారు. వైకింగ్స్ ఓవర్‌టైమ్‌లో 39-36తో గెలిచారు. కోల్ట్స్ కోచ్ జెఫ్ సాటర్డే ఫోర్త్ డౌన్‌లో (పది గజాలకి ఉండే నాలుగు ప్రయత్నాల్లో ఆఖరిదాంట్లో) మూర్ఖంగా ఆడించి మ్యాచ్ పోగొట్టాడని ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను.

ఆ క్షణానికి వెళ్లి చూద్దాం. నాలుగో క్వార్టర్‌లో రెండున్నర నిమిషాలు మిగిలాయి. స్కోరు 36-28, కోల్ట్స్ ముందున్నారు. బంతి వైకింగ్స్ వైపు 36 గజాల గీత దగ్గరుంది. ఫోర్త్ డౌన్, కావలసింది ఒక్క గజం. సాటర్డే ముందు మూడు దారులున్నాయి. ఒకటి, ఫీల్డ్ గోల్, అంటే బంతిని గోల్ కర్రల మధ్యకి తన్ని మూడు పాయింట్లు తెచ్చుకోవడం. వాళ్ల కిక్కర్ చేజ్ మెక్‌లాఫ్లిన్ ఆ రోజు అప్పటికే ఐదు కొట్టి ఉన్నాడు, కానీ ఇది 53, 54 గజాల కిక్. పడితే 39-28, వైకింగ్స్ రెండుసార్లు స్కోర్ చేయాలి. పడకపోతే మైదానం దాదాపు సగంలో వాళ్ల చేతికి బంతి. రెండు, పంట్ కొట్టి, అంటే బంతిని దూరంగా తన్ని వదిలేసి, వాళ్లని వెనక్కి నెట్టడం. మూడు, ఆ ఒక్క గజం కోసం వెళ్లడం. వస్తే ఆట దాదాపు ముగిసినట్టే. మూడోది ఎంచుకున్నారు. క్వార్టర్‌బ్యాక్ (ఆట నడిపి పాస్‌లు విసిరేవాడు) మ్యాట్ రయన్ బంతి పట్టుకుని తనే ముందుకి దూకాడు. ఆ గజం అందలేదు. ఆ వెంటనే వైకింగ్స్ ఆటగాడు డాల్విన్ కుక్ చిన్న స్క్రీన్ పాస్ అందుకుని 64 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ (ఆరు పాయింట్లు) చేశాడు. టచ్‌డౌన్ తర్వాత దొరికే అదనపు ప్రయత్నంలో హాకెన్సన్ రెండు పాయింట్ల కన్వర్షన్ పట్టాడు. 36-36.

ఇప్పుడు చెప్పు, రయన్‌కి ఆ గజం వచ్చి ఉంటే ఏం రాసేవాడివి? "ధైర్యమున్న కోచ్" అని రాసేవాడివి. నిర్ణయం అదే, మనిషి అదే, నీ అభిప్రాయం మాత్రం తలకిందులు. అంటే అది నీ అభిప్రాయం కాదు, స్కోర్‌బోర్డు అభిప్రాయం. నీ చేత రాయించుకుంది, అంతే. ఫలితం రాకముందు అక్కడున్నవాళ్లకి ఏం తెలుసో అంతవరకే నీకూ తెలుసనుకుని తీర్పు చెప్పు. నన్నడిగితే గజం కోసం వెళ్లడంలో తప్పు లేదు. 37 ఏళ్ల రయన్‌ని ఆ గుంపులోకి తోయడం సరైన ఆటేనా అన్నదే ప్రశ్న. నువ్వు ఒప్పుకోనక్కర్లేదు, కానీ వాదన మొదలవ్వాల్సింది అక్కడి నుంచి.

ఆ మర్నాడే న్యూజెర్సీలో దీనికి జోడీ దొరికింది. జెట్స్ 17-13తో ముందున్నారు. ఫోర్త్ డౌన్‌లో లయన్స్‌కి కావలసింది అంగుళాలు. అందరూ బంతిని గుంపులోకి తోస్తారనుకుంటే జారెడ్ గాఫ్ పాస్ విసిరాడు, బ్రాక్ రైట్ పట్టుకుని 51 గజాల టచ్‌డౌన్ చేశాడు. అప్పటికి మిగిలిన టైమ్ 1:49. లయన్స్ 20-17తో గెలిచారు. నువ్వు దాన్ని "మాస్టర్ స్ట్రోక్" అన్నావు. ఆ పాస్ నేలపాలై ఉంటే, అంగుళాల కోసం పాస్ ఎందుకురా అని నువ్వే తిట్టేవాడివి. ఈ రెండిటినీ ఒకే పేరాలో పక్కపక్కన పెట్టు. నీ వ్యాసానికి వెన్నెముక దొరుకుతుంది.

తర్వాత తెలిసినవి ముందే తెలిసినట్టు రాయడం ఇంకో జబ్బు. వైకింగ్స్ ప్లేఆఫ్స్ మొదటి ఆటలోనే జెయింట్స్ చేతిలో 31-24తో ఓడిపోయారని నీకు ఇప్పుడు తెలుసు. అందుకే "వీళ్ల బండారం అప్పుడే బయటపడింది" అని రాశావు. ఆ మాట రాసే హక్కు నీకుంది, కానీ సాక్ష్యం ఆ వారందే ఉండాలి. ఉంది కూడా, వెతకలేదు నువ్వు. కోల్ట్స్‌తో ఆటకి దిగేటప్పటికి వైకింగ్స్ 10 గెలిచి 3 ఓడారు. అయినా సీజన్ మొత్తం మీద చేసిన పాయింట్ల కంటే ఇచ్చుకున్నవి ఒకటి ఎక్కువ. గెలిస్తే బొటాబొటీగా గెలవడం, ఓడితే చిత్తుగా ఓడడం. ఆ చిత్తుల్లో నవంబర్‌లో 40-3తో ఉతికింది మీ కౌబాయ్స్! డాలస్ అభిమానివై ఉండి ఆ స్కోరే మర్చిపోతే ఎలా?

పాత చరిత్ర దగ్గర కూడా అంతే. మ్యాట్ రయన్ అనగానే 28-3 జోక్ వేశావు, సూపర్‌బౌల్ ఫైనల్లో అతని పాత జట్టు 28-3తో ముందుండి ఓడిందని. అది సూపర్‌బౌల్ మర్నాటి నుంచి లోకం మొత్తం వేస్తూనే ఉంది, అరిగిపోయింది. దానికంటే వంద రెట్లు మంచిది నీ కళ్ల ముందే ఉంది. వైకింగ్స్ బద్దలుకొట్టిన పాత రికార్డు 1993 జనవరిది. హ్యూస్టన్ ఆయిలర్స్ మీద బఫలో బిల్స్ 35-3 దగ్గర్నుంచి లేచి 41-38తో గెలిచారు. ఆ రోజు బిల్స్ క్వార్టర్‌బ్యాక్ ఫ్రాంక్ రైక్. 2022 నవంబర్‌లో కోల్ట్స్ కోచ్ ఉద్యోగం నుంచి తీసేసింది ఆయన్నే. ఆయన కుర్చీలో కూర్చున్నవాడే సాటర్డే. ఇలాంటిది దొరికినప్పుడు ఒక్క విశేషణం కూడా వాడకు. ఉన్నదున్నట్టు చెప్పి పక్కకి తప్పుకో.

ఇప్పుడు నీకు నచ్చని సంగతి. జాక్సన్‌విల్‌లో కౌబాయ్స్ మూడో క్వార్టర్‌లో 27-10తో ముందుండి ఓవర్‌టైమ్‌లో 40-34తో ఓడారు. జాక్సన్‌విల్ ఆటగాడు రేషాన్ జెంకిన్స్ పాస్ లాక్కుని 52 గజాలు పరుగెత్తాడు, అయిపోయింది. నువ్వు మీ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ మీద పేజీ నిండా విరుచుకుపడ్డావు. గణాంకాల్లో అది ప్రెస్కాట్ ఖాతాలో ఇంటర్‌సెప్షనే. కానీ ఆ బంతి మీవాడే అయిన నోవా బ్రౌన్ చేతులకి తగిలి పైకి లేచింది కదా. నీ పేజీలో బ్రౌన్ పేరే లేదు. కోపంలో చూశావు, మళ్లీ చూడలేదు. అప్పటిదాకా 17 పాయింట్ల ఆధిక్యం కరిగిపోతుంటే డిఫెన్స్ ఏం చేస్తోందో, జాక్సన్‌విల్ క్వార్టర్‌బ్యాక్ ట్రెవర్ లారెన్స్ నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు ఎలా విసరగలిగాడో కూడా లేదు. అభిమానికి కోపం హక్కే. దాన్ని సరైన మనిషి మీద చూపించడానికి మాత్రం టేపు ఇంకోసారి చూడాలి.

నిజంగా తిట్టదగ్గ ముగింపు లాస్ వెగస్‌ది. అక్కడ నువ్వు జోకులతో సరిపెట్టావు. పేట్రియట్స్, రైడర్స్ 24-24. ఆఖరి ఆట. పేట్రియట్స్ ఆటగాడు స్టీవెన్‌సన్ బంతితో ఇరవై గజాలు దాటి పరుగెత్తాడు. అక్కడే నేలమీద పడిపోతే ఓవర్‌టైమ్, ఏ నష్టమూ లేదు. అతను తన జట్టువాడే అయిన జకోబీ మయర్స్‌కి అందించాడు. మయర్స్ వెనక్కి, అడ్డంగా, క్వార్టర్‌బ్యాక్ మ్యాక్ జోన్స్ వైపు విసిరాడు. మధ్యలో రైడర్స్ ఆటగాడు చాండ్లర్ జోన్స్ పట్టుకుని, మ్యాక్ జోన్స్‌ని చేత్తో నేలకి తోసి, 48 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఇది ఫలితం చూడకుండా కూడా తప్పే. ఒకవేళ ఆ విసురు మ్యాక్ జోన్స్‌కి చేరి, అతను ఎలాగో గెలిపించినా తప్పే. సాటర్డే నిర్ణయానికి, దీనికి తేడా అదీ. ఇంకో మాట, అందరూ మయర్స్‌నే అన్నారు. మొదట అందించింది స్టీవెన్‌సన్. తప్పు నాదేనని మయర్స్ తర్వాత విలేఖరుల ముందు ఒప్పుకున్నాడు కూడా. మరుసటి ఏడాది అతను చేరింది రైడర్స్‌లోనే.

రిఫరీల సంగతి. నేను జెయింట్స్ వాణ్ణని నీకు తెలుసు. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఇన్నేళ్లున్నాక ఇంకేం అవుతాను? ఆ ఆదివారం రాత్రి కమాండర్స్ మీద మావాళ్లు 20-12తో గెలిచారు. చివర్లో వాళ్ల టచ్‌డౌన్ ఒకటి పెనాల్టీతో పోయింది. టెరీ మెక్‌లారిన్ గీత మీద సరిగ్గా నిలబడలేదన్నారు, అతనేమో పక్కనున్న అధికారిని అడిగే నిలబడ్డాడు. ఆఖరి పాస్‌లో కర్టిస్ సామ్యుయెల్‌ని మావాడు అంటిపెట్టుకుని ఉన్నా ఫ్లాగ్ (పెనాల్టీ జెండా) పడలేదు. పడకపోవడం నాకు హాయిగానే ఉంది, పడాల్సిందన్నదీ నిజమే. ఈ రెండు ముక్కలూ ఒకే వాక్యంలో రాయగలిగితే పాఠకుడు నమ్ముతాడు. అందుకే మొదటి పేరాలోనే నువ్వు ఏ జట్టువాడివో చెప్పెయ్, దాచకు. "రిఫరీలు అమ్ముడుపోయారు" అని మాత్రం రాయకు. వైకింగ్స్ ఆటలో వాళ్ల ఆటగాడు చాండన్ సల్లివన్ రెండుసార్లు బంతి తీసుకుని టచ్‌డౌన్ దాకా పరుగెత్తాడు, రెండుసార్లూ విజిల్ ముందే మోగిందని ఇవ్వలేదు. వాళ్లు గెలిచారు కాబట్టి ఆ కోపం ఎవరికీ గుర్తులేదు. నీ వ్యాసంలోనూ లేదు.

మాటల దగ్గర కాస్త చెయ్యి బిగబట్టు. "చంపేశారు", "శవాలు లేచాయి", "రక్తపాతం" అంటూ పోయావు. ఆ తర్వాత రెండు వారాలకి, 2023 జనవరి 2న సిన్సినాటిలో, బిల్స్ ఆటగాడు డమార్ హామ్లిన్ గుండె మైదానంలోనే ఆగింది. సీపీఆర్ చేసి బతికించారు, ఆట ఆపేశారు. అంతకుముందు వారాల్లో అలాంటి మాటలు రాసినవాళ్లు ఆ రాత్రి వాటిని తిరిగి చదువుకుని ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకో.

రూల్స్ వివరించడం గురించి అడిగావు. ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలయ్యే ఆట డిసెంబర్‌లో ఇండియాలో రాత్రి పదకొండున్నరకి వస్తుంది. గుంటూరులో మేలుకుని చూసేవాడికి రూల్స్ వచ్చు, చూడనివాడికి పాఠం అక్కర్లేదు. వ్యాసం మొదట్లో పెట్టిన ఆ రూల్స్ జాబితా తీసెయ్. "నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు రావాలి, ఇది నాలుగోది, ఇంకా ఒక్క గజం బాకీ" అని కథలోనే చెప్పు, టెన్షన్ దానంతటదే అర్థమవుతుంది. క్రికెట్ పోలికలూ తగ్గించు. ప్రతి ఫీల్డ్ గోల్‌నీ సిక్సర్ అంటే విసుగొస్తుంది.

బఫలో ఆట పేరాలో జాష్ అలెన్ గజాల లెక్కలతో నింపి అసలుది వదిలేశావు. ప్రేక్షకులు మంచు ఉండలు చేసి మైదానంలోకి విసిరారు. ఆపకపోతే సొంత జట్టుకే 15 గజాల పెనాల్టీ పడుతుందని హెచ్చరించాల్సి వచ్చింది. అభిమానుల గురించి అభిమాని రాస్తూ దాన్ని వదిలేస్తాడా?

వచ్చే ఆదివారంలోగా కోల్ట్స్, లయన్స్ పేరా ఒక్కటీ తిరగరాసి పంపు, మిగతావి తర్వాత చూద్దాం. కౌబాయ్స్ ఆట రెండో సగం మళ్లీ చూసి, ప్రెస్కాట్ మీద కోపం ఇంకా మిగిలి ఉంటే అది కూడా రాయి. మిగిలే ఉంటుందిలే, మీవాళ్ల సంగతి నాకు తెలీదా.

ఆశీస్సులతో,
అన్నయ్య