విశ్వాసుల మధ్య పుస్తకాలు చేతులు మారాలంటే

వందనాలండి. మీ సహవాసంలో చదివే అలవాటున్నవాళ్ళు కొద్దిమంది ఉన్నారనీ, ఒకరికొకరు మంచి పుస్తకాలు చెప్పుకోవాలనుకుంటే ప్రతిసారీ అది పేర్ల జాబితా దగ్గరే ఆగిపోతోందనీ రాశారు. "బైబిలు ఉండగా ఇవన్నీ ఎందుకు?" అని ఒకరిద్దరు పెద్దలు అంటున్నారని కూడా రాశారు. చివర్లో, మీరిప్పుడు ఏం చదువుతున్నారని అడిగారు. నేను చాలాకాలంగా అలాంటి చిన్న గుంపులోనే చదువుతున్నదాన్ని కాబట్టి, మాకు ఏది పనికొచ్చిందో చెబుతాను.

జాబితాలతో నిజంగానే పెద్దగా ఉపయోగం లేదండి. తప్పక చదవాల్సిన ఆత్మీయ పుస్తకాలు అంటూ ఎవరైనా పంపితే భద్రంగా దాచుకుంటాం, చదవం. మా గుంపులో పుస్తకాలు చేతులు మారడం మొదలైంది ఒక చిన్న పద్ధతి పెట్టుకున్నాకే. పూర్తిచేసిన పుస్తకం గురించి ఎవరూ చెప్పకూడదు. ఇప్పుడు చదువుతున్నదాని గురించే చెప్పాలి, అది కూడా ఎక్కడ ఆగారో ఆ పేజీ తీసి, ఆ నాలుగు వాక్యాలు పైకి చదివి. బాగుందో బాగోలేదో తేల్చి చెప్పక్కర్లేదు. అర్థం కాలేదంటే ఆ మాటే చెప్పొచ్చు. మనసు ఒప్పుకోవడం లేదంటే అదీ చెప్పొచ్చు. విన్నవాళ్ళలో ఎవరికో ఒకరికి ఆ నాలుగు వాక్యాలు తగులుతాయి. "మీరు చదివాక నాకివ్వండి" అంటారు. ఆ మాట వచ్చిందంటే ఆ పుస్తకం ఇక మూలన పడి ఉండదు.

ఇది మేం కనిపెట్టిన పద్ధతేమీ కాదు. తొలి శతాబ్దాల సంఘంలో పెద్ద బోధకుడైన అగస్టీను, తన జీవితం గురించి రాసుకున్న కన్ఫెషన్స్‌లో ఎనిమిదో భాగం చూడండి. 386లో, మిలాన్ నగరంలో జరిగిన సంగతి. అగస్టీనును చూడడానికి పొంటీషియానుస్ అనే రాజోద్యోగి వస్తాడు. అక్కడ ఆటబల్ల మీద ఒక పుస్తకం ఉంటే ఊరికే తెరిచి చూస్తాడు. అవి పౌలు పత్రికలు. ఇలాంటి పుస్తకం ఈ మనిషి దగ్గర ఉంటుందని అతను అనుకోలేదు. సంతోషం పట్టలేక మాట కలిపి, ఐగుప్తు ఎడారిలో బతికిన అంతోని అనే సన్యాసి గురించి చెబుతాడు. ఆ తర్వాత ట్రియర్ నగరంలో తన తోటి ఉద్యోగులిద్దరు షికారుగా నడుస్తూ ఒక చిన్న ఇంట్లోకి వెళ్ళడం, అక్కడ దొరికిన అంతోని జీవితచరిత్రను ఒకతను తెరిచి చదవడం, చదువుతూ ఉండగానే మనసు మారి ఇద్దరూ ఉద్యోగం వదిలి దేవుని సేవకు నిలబడిపోవడం, అంతా చెబుతాడు. బల్ల మీద కనిపించిన ఒక పుస్తకం నుంచి ఈ మాటలన్నీ పుట్టాయి.

అతను వెళ్ళిపోయాక అగస్టీను మనసు అల్లకల్లోలమవుతుంది. తోటలోకి వెళ్తాడు, స్నేహితుడు అలీపియుస్ వెంటే వెళ్తాడు. "తీసి చదువు, తీసి చదువు" అని ఒక పసి గొంతు వినపడిందనీ, పౌలు పత్రికలు తెరిస్తే రోమా 13వ అధ్యాయం చివరి మాటలు కనిపించాయనీ చాలామంది ప్రసంగాల్లో వినే ఉంటారు. నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఆ తర్వాతిది. అగస్టీను ఆ చోట వేలో, ఇంకేదో గుర్తుగా పెట్టి పుస్తకం మూసి, జరిగింది అలీపియుసుకి చెబుతాడు. ఏం చదివావో చూపించమంటాడు అలీపియుస్. చూపిస్తే, అతను అక్కడితో ఆగకుండా కింది వరుస కూడా చదువుతాడు. విశ్వాసంలో బలహీనంగా ఉన్నవాణ్ణి చేర్చుకోమన్న మాట అది, రోమా 14వ అధ్యాయం మొదలు. ఇది నాకోసమే ఉంది అంటాడు. ఆ వరుస అక్కడుందని అగస్టీనుకి అంతవరకూ తెలియదు.

స్నేహితులిద్దరిదీ ఒకటే పుస్తకం, ఒకటే పేజీ. ఒకరికి తగిలిన వాక్యం ఒకటి, ఇంకొకరికి తగిలింది దాని కిందిది. అగస్టీను తన సాక్ష్యం మాత్రం చెప్పి పుస్తకం పక్కన పెట్టేసి ఉంటే అలీపియుస్ ఆ కింది వరుస ఆ రోజు చదివేవాడు కాదు. పేజీ తీసి చూపించండి అని నేను పదేపదే అనేది ఇందుకే.

పెద్దల మాటకు వస్తాను. వాళ్ళ భయం సరైనదే. పుస్తకాలు పెరిగి వాక్యధ్యానం తరిగిపోవడం నేనూ చూశాను. కానీ బైబిలు చదివేవాడికి వేరే పుస్తకం అక్కర్లేదన్న మాట బైబిల్లో కనపడదు. చెరసాలలో ఉన్న పౌలు, చలికాలం రాకముందే రమ్మని తిమోతికి రాస్తూ, అంగీతోపాటు పుస్తకాలూ, ముఖ్యంగా చర్మపు కాగితాలూ తెమ్మన్నాడు. మరణం దగ్గరపడిందని తెలిసిన మనిషి అడిగిన వస్తువులవి. అపొస్తలుల కార్యాలు ఎనిమిదో అధ్యాయంలో ఐతియొపీయుడైన అధికారి రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటున్నాడు. ఫిలిప్పు పరుగెత్తుకుంటూ వెళ్ళి అడిగిన మొదటి ప్రశ్న, చదువుతున్నది అర్థమవుతోందా అని. ఆ మనిషి ఎక్కడ ఆగాడో అక్కడినుంచే మొదలుపెట్టి యేసును గురించి చెప్పాడు. కాబట్టి పెద్దలతో వాదన పెట్టుకోకండి. ఎవరు ఏ పుస్తకం గురించి చెప్పినా, అది వాళ్ళని ఏ వాక్యం దగ్గరికి తీసుకెళ్ళిందో కూడా చెప్పాలని నియమం పెట్టుకోండి. బైబిలు తెరిచి ఆ భాగం ముందూ వెనకా అందరూ చదవండి. పౌలు చెప్పింది విని కూడా లేఖనాలతో సరిచూసుకున్న బెరయ ఊరివాళ్ళను అపొస్తలుల కార్యాల్లో గొప్పవాళ్ళన్నారు కదా. మేం అలా చేయడం మొదలుపెట్టాక, మొదట్లో వద్దన్న ఒక పెద్దాయన ఇప్పుడు అందరికంటే ముందొచ్చి కూర్చుంటున్నారు.

మనసు ఒప్పుకోని పేజీ గురించి ఒక సంగతి చెప్పాలి. మాలో ఒక సహోదరి కోరీ టెన్ బూమ్ రాసిన ది హైడింగ్ ప్లేస్ చదువుతోంది. 1971లో వచ్చిన పుస్తకం. యూదులను ఇంట్లో దాచినందుకు నాజీలకు పట్టుబడిన డచ్ కుటుంబం కథ. రావెన్స్‌బ్రూక్ శిబిరంలో కోరీనీ, అక్క బెట్సీనీ వేసిన బ్యారక్ నిండా కుట్టే పురుగులు. ఆ పొద్దున చదివిన వాక్యం, ప్రతి విషయంలోనూ కృతజ్ఞత చెల్లించమన్నది. బెట్సీ ఆ పురుగుల కోసం కూడా స్తోత్రం చెబుతుంది. కోరీకి అది మింగుడు పడదు. మా సహోదరికీ పడలేదు. ఇంట్లో దీర్ఘకాలం మంచాన పడ్డవాళ్ళని చూసుకుంటున్న మనిషి ఆమె. పేజీ చూపించి, "ఇది నావల్ల కాదు, ఇక్కడ ఆపేశాను" అంది. ఆ పుస్తకం ముందే చదివినవాళ్ళు మాలో ఉన్నారు. ఆ పురుగులకు భయపడే కాపలావాళ్ళు లోపలికి వచ్చేవారు కాదనీ, అందుకే అక్కడ దొంగచాటుగా బైబిలు చదువుకోగలిగారనీ తర్వాతి పేజీల్లో తెలుస్తుంది. ఆ రోజు ఎవరూ ఆ ముక్క బయటపెట్టలేదు. ఆమె చెప్పింది విన్నాం, ఆమె ఇంట్లోవాళ్ళ కోసం ప్రార్థన చేశాం. తర్వాత ఎప్పుడో ఆమే మళ్ళీ మొదలుపెట్టి, ఆ చోటికి చేరి, తనే తెచ్చి మాకు చదివి వినిపించింది. ముందే చెప్పేసి ఉంటే అది మా ఓదార్పు మాటగా మిగిలిపోయేది. ఎవరైనా ఒక పేజీ దగ్గర తడబడుతుంటే వాళ్ళ కోసం పుస్తకం మీరు పూర్తిచేసేయకండి.

దుఃఖంలో ఉన్నవాళ్ళకి పుస్తకం చెప్పేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. ఇంగ్లీషు క్రైస్తవ రచయిత సి.ఎస్. లూయిస్ భార్య 1960లో క్యాన్సర్‌తో చనిపోయాక ఆయన నోటు పుస్తకాల్లో రాసుకున్నది ఎ గ్రీఫ్ అబ్జర్వ్డ్ పేరుతో 1961లో వచ్చింది, మొదట తన పేరు పెట్టకుండా మారుపేరుతో వేశారు. అందులో మొదటి పేజీల్లో దేవుడు తలుపు మూసి గడియ పెట్టుకున్నట్టు ఆయన రాసిన మాటలు చాలా కఠినంగా ఉంటాయి. సిద్ధంగా లేనివాళ్ళని అవి భయపెడతాయి. అందుకే నేను తొలిరోజుల్లో ఎవరికీ ఇవ్వను. ఆ రోజుల్లో 88వ కీర్తన చాలు. చీకటి అన్న మాటతోనే ముగిసిపోతుంది, తొందరపడి ఓదార్చదు. కొంతకాలమయ్యాక "నేను ఇంత కోపంగా ఉండడం పాపమేమో" అని మథనపడేవాళ్ళకి మాత్రం లూయిస్ పుస్తకాన్ని మించింది నాకు తెలియదు.

కుర్రాళ్ళకి ఏం చెప్పాలని కూడా అడిగారు. యాత్రికుని ప్రయాణం ఇవ్వండి. జాన్ బన్యన్ రాసిన ఈ పుస్తకం మొదటి భాగం 1678లో అచ్చయింది. అది పిల్లల కథ అనుకుని పక్కన పెట్టేవాళ్ళున్నారు. వాళ్ళతో సందేహాల కోట భాగం ఒక్కటి చదివించండి. దారి రాళ్ళమయంగా ఉందని పక్కనున్న మెత్తటి బాట పట్టి, నిరాశ అనే రాక్షసుడికి చిక్కుతారు ఇద్దరు యాత్రికులు. బుధవారం పొద్దుటినుంచి శనివారం రాత్రిదాకా తిండీ నీళ్ళూ లేవు, వెలుతురు లేదు. శనివారం నడిరాత్రి ప్రార్థన మొదలుపెడతారు. తెల్లవారుతుండగా వాళ్ళలో క్రైస్తవుడు అనే పేరున్నతనికి గుర్తొస్తుంది, వాగ్దానం అనే తాళంచెవి ఇన్నాళ్ళూ తన రొమ్ము దగ్గరే ఉందని. కుంగిపోయి ఉన్న ఒక విద్యార్థి ఈ భాగం చదివి, "తాళంచెవి ఉంది సరే, అది గుర్తు రావడానికే అన్ని రోజులు పట్టింది కదా" అన్నాడు. ఎన్ని ప్రసంగాలు విన్నా నాకు తట్టని మాట అది.

కథోలికులు రాసినవి చదవొచ్చా అన్న ప్రశ్న ప్రతి గుంపులోనూ వస్తుంది, మీ దగ్గరా వస్తుంది. థామస్ అ కెంపిస్ రాసిన ఇమిటేషన్ ఆఫ్ క్రైస్ట్ పదిహేనో శతాబ్దం నాటిది, మఠంలో బతికినవాడి పుస్తకం. దాన్ని 1735లో ఇంగ్లీషులో వేసినవాళ్ళలో ఒకడు, మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన ప్రొటెస్టెంటు బోధకుడు జాన్ వెస్లీ. అమేజింగ్ గ్రేస్ రాసిన జాన్ న్యూటన్, 1748లో ఓడ మీద పొద్దుపోక అదే పుస్తకం తీసి, ఇదంతా నిజమైతే నా గతేమిటి అని ఉలిక్కిపడి మూసేశాడు. ఆ రాత్రే తుఫాను వచ్చింది. నావరకు నేను, ఒప్పుకోలేని బోధ కనిపిస్తే అక్కడ పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టి ముందుకు వెళ్తాను. నాలుగో భాగంలో నా పుస్తకానికి అలాంటి గుర్తులు చాలా ఉన్నాయి, మొదటి భాగంలో ఒక్కటీ లేదు.

గట్టిగా వద్దని చెప్పేది ఒక రకం పుస్తకాల గురించే. సగం వచనం తీసుకుని, మిగతా సగం వదిలేసి, విశ్వసిస్తే ధనం వస్తుంది, రోగం రాదు అని హామీ ఇచ్చేవి. అలాంటి పుస్తకం చదివి, జబ్బు తగ్గకపోతే తమ విశ్వాసమే చాలలేదని కుమిలిపోయినవాళ్ళని దగ్గరగా చూశాను. పేరున్న బోధకుడిదైనా సరే, ఆ వచనం ఉన్న అధ్యాయం మొత్తం తీసి చదివితే విషయం బయటపడుతుంది.

ఇప్పుడు నా చేతిలో ఉన్నది, నాజీలను ఎదిరించిన జర్మన్ పాస్టరు డీట్రిచ్ బోన్‌హోఫర్ రాసిన లైఫ్ టుగెదర్. పాస్టర్లకు శిక్షణ ఇవ్వడానికి ఆయన నడిపిన ఫింకెన్‌వాల్డె సెమినరీని 1937లో నాజీల రహస్య పోలీసులైన గెస్టాపో మూయించాక, అక్కడి ఉమ్మడి జీవితాన్ని గురించి రాసింది. 1939లో వచ్చింది. చిన్నదే, కానీ నేను వేగంగా చదవలేకపోతున్నాను. సంఘం ఎలా ఉండాలో మనం కన్న కలని సంఘం కంటే ఎక్కువ ప్రేమిస్తే ఆ సంఘాన్నే పాడుచేస్తామని మొదటి అధ్యాయంలో అంటాడు. నేను అక్కడే ఆగాను, ఈ వారం ఆ పేజీయే చూపించబోతున్నాను. మాలో ఇంకొకరు జాషువా క్రీస్తు చరిత్ర పద్యాలు చదువుతున్నారు, 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిన కావ్యం. దాన్ని మాత్రం పైకి చదవాలి, చదవడం వచ్చినవాళ్ళు చదువుతుంటే వినాలి.

మీ గుంపులో "చదవడానికి టైం లేదండి" అనేవాళ్ళుంటే బ్రదర్ లారెన్స్‌తో మొదలుపెట్టించండి. పారిస్‌లో ఒక మఠం వంటింట్లో పనిచేసి 1691లో చనిపోయిన మనిషి. ఆయనతో జరిగిన సంభాషణలూ, ఆయన ఉత్తరాలూ కలిపి తర్వాత పుస్తకంగా వేశారు, ద ప్రాక్టీస్ ఆఫ్ ద ప్రెజెన్స్ ఆఫ్ గాడ్ అని. ఉత్తరం ఒక్కోటి రెండు మూడు పేజీలే ఉంటుంది. వారానికొక ఉత్తరం చదివినా, చూపించడానికి వాళ్ళ దగ్గరా ఒక పేజీ ఉంటుంది. మీలో ఎవరు దేని దగ్గర ఆగారో కింద రాయండి, నేను చదివినవాటిలో ఉంటే మాట్లాడుకుందాం.