అమెరికాలో పాత ఇంటి సీసం పెయింట్ తీయించడానికి ప్రభుత్వం డబ్బిస్తుందా?

న్యూజెర్సీలో 1950ల నాటి ఇల్లు కొన్నాం, కిటికీల దగ్గర పెయింట్ రాలుతోంది, ఏడాదిన్నర పాప ఉంది, ప్రభుత్వ సాయం దొరుకుతుందా అని అడిగారు. దొరుకుతుంది, కానీ నేరుగా మీ చేతికి రాదు. ఫెడరల్ గృహనిర్మాణ శాఖ (అందరూ హడ్ అంటారు) రాష్ట్రాలకీ, నగరాలకీ, కౌంటీలకీ గ్రాంట్లు ఇస్తుంది, వాళ్లు అర్హత ఉన్న ఇళ్లలో పని చేయిస్తారు. కాబట్టి ముందు మీ ఊరి హెల్త్ డిపార్ట్‌మెంట్‌కో, హౌసింగ్ ఆఫీసుకో ఫోన్ చేసి, ఇప్పుడు గ్రాంటు నడుస్తోందా అని అడగండి.

ఇల్లు 1978కి ముందు కట్టిందై ఉండాలి, ఎందుకంటే ఇళ్లలో సీసం పెయింట్‌ని నిషేధించింది ఆ ఏడాదే. సొంతిల్లయితే కుటుంబ ఆదాయం ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం దాటకూడదు, ఆరేళ్లలోపు పిల్లలు ఆ ఇంట్లో ఉండాలి లేదా ఎక్కువసేపు గడుపుతుండాలి. ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే చాలామందికి ఆదాయం దగ్గరే ఆగిపోతుంది.

గ్రాంటు వచ్చినా రాకపోయినా మీరే గీకడం, శాండ్‌పేపర్ పెట్టడం మాత్రం అస్సలు వద్దు! కిటికీ రెక్క పైకీ కిందకీ జరిపిన ప్రతిసారీ పెయింట్ అరిగి సన్నటి పొడి కిటికీ గట్టు మీద పడుతుంది, పాప అక్కడ చెయ్యి ఆనించి ఆ వేళ్లు నోట్లో పెట్టుకుంటే చాలు, సీసం ఒంట్లోకి వెళ్తుంది. తడిగుడ్డతో తుడవండి, పనికి ఈపీఏ (అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ) సర్టిఫికెట్ ఉన్న కాంట్రాక్టర్‌నే పిలవండి. అన్నిటికంటే ముందు ఈ వారమే పిల్లల డాక్టర్‌తో చెప్పి పాపకి రక్తంలో సీసం టెస్ట్ చేయించండి.