మా రేవు పంటు మ్యాపులోకి ఎక్కిన సంగతి

జనమే రాసి, జనమే పంచుకోవడం మొదలయ్యాక ఇంటర్నెట్ బాగుపడిందా, గోల పెరిగిందా అని కదండీ మీ ప్రశ్న. రెండూ జరిగాయి. నా అనుభవం చెప్తాను.

మాది వశిష్ఠ గోదావరి ఒడ్డున, చించినాడ వంతెనకి ఎగువన. మా రేవులో పంటు తిరుగుతుంది. నర్సాపురం-సఖినేటిపల్లి పంటంత పెద్దది కాదు. రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిచిందే. బండితో సహా ఎక్కితే పది నిమిషాల్లో అవతలి ఒడ్డు. ఈ సంగతి ఫోనులో మ్యాపుకి తెలీదు. మా బావగారు మొదటిసారి వచ్చినప్పుడు అది చెప్పినట్టే వంతెన మీదుగా చుట్టు తిరిగి, అన్నాలు చల్లారిపోయాక దిగారు. ఆ దెప్పులు పడలేక ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఖాతా తెరిచాను. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన మ్యాపు అది. వికీపీడియాలాగే ఎవరైనా గీయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు.

ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి పంటు గీత గీసి, మా బావగారికి గొప్పగా చూపించాను. అయినా దారి అడిగితే వంతెనే చూపిస్తోంది! వారం తర్వాత ముక్కూమొహం తెలియని మనిషెవరో సందేశం పెట్టారు, మీ గీత రోడ్డుకి అంటుకోలేదు, అందుకే అటు దారి లేదనుకుంటోంది అని. ముందు కాస్త రోషం వచ్చిన మాట నిజం. పెద్దది చేసి చూస్తే గీత చివరికీ రేవు రోడ్డుకీ మధ్య రెండు బారల ఎడం ఉంది. కలిపాను. ఆ మనిషి గోదారి చూసి కూడా ఉండరు.

పంటు నడిపే బాబాయికి చూపిస్తే, "వరదప్పుడు తిరగదని రాశావా?" అన్నాడు. రాయలేదు. అదీ చేర్చాను. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అంతా అందులో కనబడుతుంది కాబట్టి తప్పు నాదేనని దాచుకోవడానికీ లేదు.

ఇక గోల సంగతి. 2022 జులై వరదకి ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 17 లక్షలకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, ఇక ఊళ్ళో భయం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూపులో "గట్టు తెగింది" అని ఒక వీడియో పడింది. మా వీధిలో ఇద్దరు ట్రంకుపెట్టెలు ట్రాక్టరెక్కించేశారు. మేం నలుగురం టార్చిలైట్లతో ఏటిగట్టు మీదకి వెళ్ళాం. ఇసుక బస్తాలు పేర్చి ఉన్నాయి, గట్టు నిక్షేపంలా ఉంది. అక్కడే ఫొటో తీసి గ్రూపులో పెట్టాం. ఆపాటికి వీడియో పక్క ఊరి గ్రూపులకి పాకిపోయింది. అక్కడికెళ్ళి దిద్దుదామంటే ఎలా? మేం వాటిలో లేం, వీడియోకి ఊరూ పేరూ లేదు.

పోయిన వరదకి అదే వీడియో మా పిన్ని నాకే పంపింది.