ల్యాబ్‌లో చేరబోతున్న అమ్మడికి పెద్దమ్మ ఉత్తరం

అమ్మడూ,

డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) పాసయ్యావనీ, సోమవారం రాజమండ్రిలో ల్యాబ్‌లో చేరుతున్నావనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషంతో కళ్లు తడిశాయి. ఆ వెంటనే గుండెల్లో దడ మొదలైంది. ముప్పై రెండేళ్లు అదే పని చేసినదాన్ని. ఎక్కడ ఏ తప్పు జరుగుతుందో తెలిసినదాన్ని. అందుకే రాస్తున్నా.

బ్లడ్ తీయడం నీకు నేర్పే ఉంటారు. పేరు పేషెంట్ నోటితోనే చెప్పించుకో. "మీరు లక్ష్మిగారేనా?" అని అడిగితే చెవులు వినపడని ముసలమ్మ ఔననే తల ఊపుతుంది. లేబుల్ అక్కడే, వాళ్ల ముందే అతికించు. చేతికి కట్టే టోర్నికెట్ పట్టీ నిమిషం దాటనివ్వకు. నీలి మూత ట్యూబ్‌ను గీత వరకు నింపు, లేకపోతే అందులో రక్తం గడ్డకట్టకుండా వేసిన సిట్రేట్ వాటా ఎక్కువై గడ్డకట్టే టైము తప్పుగా వస్తుంది. పర్పుల్ ట్యూబ్‌ను ఎనిమిది పది సార్లు మెల్లగా తిరగేయి, ఊపకు. ఎర్ర మూత ట్యూబ్‌లో రక్తం తక్కువైందని పర్పుల్‌లోది అందులో పోశావో, నేను ఊరుకోను. పర్పుల్‌లో గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ పొటాషియంతో చేసిన ఉప్పు, పైగా కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. పొటాషియం ఆకాశానికి, కాల్షియం పాతాళానికి వెళ్తాయి. డాక్టర్ ఆ అంకె చూసి లేని జబ్బుకు మందిస్తాడు.

నరం రెండుసార్లు దొరక్కపోతే పంతానికి పోకు, సీనియర్‌ని పిలువు.

సూదికి మళ్లీ మూత పెట్టకు. ఈ మాట పదిసార్లు రాసినా నాకు తృప్తి ఉండదు. ఒకవేళ గుచ్చుకుంటే పిండకు, నోట్లో పెట్టుకోకు. సబ్బుతో, పారే నీళ్లతో కడిగి వెంటనే చెప్పు. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందు ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు. ఎవరో తిడతారని దాచిపెట్టావంటే నా మీద ఒట్టు.

ఇక ఎలీసా, అదే, రోగం జాడను రంగుతో చూపే టెస్టు. దీని గురించే అసలు కూర్చున్నా.

నువ్వు చేరేచోట ప్లేట్ కడిగే మెషీన్ ఉంటుంది. మాకు ప్లాస్టిక్ సీసా, చేతులు, అంతే. ప్లేట్‌లో 96 గుంటలు. పేషెంట్ సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే నీటిలో) రోగంతో పోరాడే యాంటీబాడీ ఉంటే గుంట అడుగుకు పట్టుకుంటుంది, దాన్ని ఎంజైమ్ తగిలించిన ఇంకో యాంటీబాడీ పట్టుకుంటుంది. పట్టుకోనిదంతా కడుక్కుపోవాలి. పోకపోతే ఆ మిగిలిన ఎంజైమే రంగు తెస్తుంది. లేని రోగం ఉన్నట్టు కనిపిస్తుంది.

1997లో జరిగింది. ఒక సాయంత్రం హెచ్ఐవీ ప్లేట్ చేస్తున్నా. కరెంటు పోయింది, చివరి బస్సుకు ఇంకో గంట. ఐదుసార్లు కడగాల్సింది మూడుసార్లే కడిగాను. ఒక గుంటలో గాలి బుడగ నిలిచి నీళ్లు దిగలేదని తర్వాత అర్థమైంది. రంగు వచ్చింది. ఆ గుంటలో సీరం ఒకామెది. ఆమె రెండోసారి గర్భంతో ఉంది, ఐదో నెల. అదే సీరంతో మళ్లీ చేసి, ఇంకో కిట్‌తో సరిచూసుకోవాలి. రిపోర్టులు కావాలని వార్డు నుంచి రెండుసార్లు మనిషి వచ్చాడు. "రియాక్టివ్", అంటే పాజిటివ్ వచ్చిందని రాసి ఇచ్చేశాను. ఆ కాగితం భర్త చేతికి వెళ్లింది. అతను ఆమెను పుట్టింట్లో దింపేసి వెళ్లిపోయాడు.

నాకు నిద్ర పట్టలేదు. నాలుగో రోజు ఫ్రిజ్‌లో మిగిలిన సీరంతో మళ్లీ చేశాను. నెగెటివ్. ఇంకో కిట్‌తోనూ నెగెటివే. డాక్టరుతో చెప్పి, బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లాను. అరుగు మీద కూర్చుని ఉంది. తప్పు నాదని చెప్పాను. తిట్టలేదమ్మడూ. "మళ్లీ సూది గుచ్చుతారా అమ్మా?" అని మాత్రం అడిగింది. గుచ్చాలి, కొత్త శాంపుల్‌తో సరిచూడాలి. ఆ రోజు నా చెయ్యి వణికినంతగా ఎప్పుడూ వణకలేదు. అదీ నెగెటివే వచ్చింది. వారం తర్వాత భర్త వచ్చి తీసుకెళ్లాడట. కాన్పుకు మా ఆసుపత్రికి మాత్రం రాలేదు.

ఇప్పుడు పద్ధతులు బాగున్నాయి. లక్షణాలు లేని మనిషికి పాజిటివ్ అని చెప్పాలంటే మూడు వేర్వేరు టెస్టుల్లో రావాలి. 2017 హెచ్ఐవీ చట్టం వచ్చాక, వాళ్ల అనుమతి లేకుండా టెస్టు చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. భర్తయినా సరే, కాగితం కౌంటర్‌లో ఇచ్చేయకు. మెషీన్‌ను నమ్ము, కానీ పొద్దునే దాని నాజిల్స్ మూసుకుపోలేదేమో చూడు. ఫలితం ముందే తెలిసిన శాంపుళ్లు, అవే కంట్రోల్స్, తప్పితే ఆ ప్లేట్ మొత్తం మళ్లీ చేయి. మేనేజర్ అరిస్తే అరవనీ.

థైరాయిడ్ టెస్టుకు వచ్చిన ఆడపిల్లల్ని జుట్టు మాత్రలు వాడుతున్నారా అని అడుగు. వాటిలో బయోటిన్ అనే విటమిన్ ఎక్కువుంటే కొన్ని కిట్లలో టీఎస్‌హెచ్ తక్కువగా చూపిస్తుంది.

నిన్ను భయపెట్టాలని కాదు తల్లీ. చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని మైక్రోస్కోప్‌లో ఉల్లిపాయ పొర చూసినదానివి, నీ చెయ్యి నెమ్మదని నాకు అప్పుడే తెలుసు. మూసి ఉండే చెప్పులు కొనుక్కో. పొద్దున తినకుండా వెళ్లకు. నా పాత టైమర్ మీ అమ్మకిచ్చి పంపుతున్నా, బ్యాటరీ మార్చాను. సోమవారం రాత్రి ఫోన్ చేసి, మొదటి రోజు ఎంతమందికి తీశావో చెప్పు. పదింటిదాకా మేలుకునే ఉంటా.

మీ పెద్దమ్మ