నొప్పి లేని పుండును నమ్మకండి

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్లు. షుగర్ వచ్చి పన్నెండేళ్లయింది. మొక్కు ఉందని కురుమూర్తి స్వామి జాతరకు చెప్పుల్లేకుండా నడిచి వెళ్లింది. అరికాలిలో పుండు పడి మూడు వారాలైంది. గుడి పసుపు పెడుతోంది. ఉద్దాలు (స్వామి పాదుకలు) తాకించుకున్నందుకే నొప్పి లేదని, స్వామే మాన్పుతాడని అంటోంది. అది నిజం కాదని చెప్పేయాలా, ఆమె మనశ్శాంతి చెడగొట్టకుండా ఊరుకోవాలా?
– ఒక పాఠకుడు, దేవరకద్ర

జవాబు: మీరు నమ్మకం గురించి అడిగారు గానీ, నన్ను కలవరపెట్టింది ‘నొప్పి లేదు’ అన్న మాట. షుగర్ ఏళ్ల తరబడి ఉన్నవారిలో పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ పోవచ్చు. అప్పుడు ముల్లు దిగినా, కాలిన తారురోడ్డు మీద బొబ్బ లేచినా తెలియదు. మా ఓపీలో సన్నని నైలాన్ పోగును అరికాలికి ఆనించి, తాకినప్పుడు చెప్పమంటాం. పోగు వంగి లేచిన తర్వాత కూడా, కళ్లు మూసుకున్న పెద్దావిడ ‘ఇంకా పెట్టలేదా సారూ’ అని అడుగుతుంది.

పాదం చూడకుండా మీ అమ్మగారిది ఇదేనని నిర్ధారించలేను. అయినా మూడు వారాలు ఆగడం పొరపాటే. ఇన్ని రోజుల్లో మీరు ఆ పాదాన్ని ఒక్కసారైనా తిప్పి చూశారా అన్నది మీ ఉత్తరంలో లేదు. కటువుగా అనిపిస్తే మన్నించండి, ఆలస్యం వల్ల వేళ్లు, పాదాలు పోగొట్టుకున్నవారిని చూసి అంటున్నాను. రేపే సర్జన్‌కు చూపించండి. పుండు లోతు, రక్తప్రసరణ, మూడు నెలల షుగర్ సగటు చూస్తారు, ఎముకకు చీము పాకిందన్న అనుమానం ఉంటే ఎక్స్‌రే తీస్తారు. వాపు, దుర్వాసన, నలుపు, జ్వరం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రేపటిదాకా కూడా ఆగకండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చిన మాత్రలు, ఆయింట్‌మెంట్లు వాడకండి. పాదాన్ని వేడినీళ్లలో పెట్టకండి.

ఇక స్వామి కాపాడతాడా లేదా అనే చర్చ ఇప్పుడు ఇంట్లో పెట్టకండి. అలా వాదించిన ఇళ్లలో పుండును చీర కుచ్చిళ్ల కింద దాచుకున్న తల్లులు నాకు తెలుసు. అయితే నొప్పి లేకపోవడం మహిమ అన్న ఒక్క మాటను మాత్రం, ఆమె నొచ్చుకున్నా సరే, పక్కన కూర్చుని సరిదిద్దండి. ఆమె పాదం ఆ మాట మీదే ఆధారపడి ఉంది. మొక్కు తీరింది కాబట్టి మాత్రలో ఇన్సులినో మానేయమని ఎవరైనా చెబితే, అక్కడా మొహమాటపడవద్దు. గుడి పసుపును నుదుట పెట్టుకోమనండి, పుండుకు వద్దు. వచ్చే కార్తీకంలో మళ్లీ వెళ్తానంటే, పుండు పూర్తిగా మాని డాక్టర్ సరేనన్న తర్వాతే, మెత్తని చెప్పులతో, బస్సులో తీసుకెళ్లండి.

– జనరల్ ఫిజీషియన్, మహబూబ్‌నగర్