టిఫిన్ సెంటరు పెట్టబోతున్న మేనల్లుడికి గ్యాస్ గురించి

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

కింద టిఫిన్ సెంటరు, పైన కాపురం అని అక్కయ్య చెప్పింది. నువ్వు లైసెన్సుల గురించి అడిగావు, అవీ రాస్తాను. కానీ అల్లుడూ, అంతకన్నా ముందు సిలిండర్లు ఎక్కడ నిలబెడతావో తేల్చుకో. పెనాలు కొని, టైల్స్ వేయించి, కౌంటరు కట్టించాక సిలిండర్లకు చోటు వెతికేవాళ్ళే ఎక్కువ. అప్పటికి మిగిలేది స్టవ్వు పక్కన మూలో, మెట్ల కింద గూడో. ఆ రెండూ పనికిరావు. ఎందుకో చెబుతాను, ఎందుకంటే మిగతా జాగ్రత్తలన్నీ ఈ ఒక్క కారణం నుంచే వస్తాయి.

ఎల్పీజీ గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండింతలు బరువు. బయటికొస్తే పైకి పోదు. నీళ్ళలాగే పల్లానికి పాకి, కాలువలోకీ గుంటలోకీ దిగి అక్కడే ఉంటుంది. గాలిలో నూటికి రెండు పాళ్ళు కలిస్తే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. లెక్క వేసి చూడు: వంద గ్రాముల గ్యాస్ రెండు ఘనమీటర్లకు పైగా గాలిని మండేలా చేస్తుంది. అంటే పదడుగులు, ఎనిమిదడుగుల వంటగదిలో నేల నుంచి అడుగు ఎత్తు దాకా. నీ హోటల్ సిలిండర్లో ఉండేది పంతొమ్మిది కిలోలు. అందుకే కిటికీ ఒక్కటి ఉంటే సరిపోదు. నేలకు ఆనుకుని గాలి బయటికి పోయే దారి కావాలి.

కాబట్టి సిలిండర్లు వెనక సందులో, గోడకు బయట, ఇనప జాలీ పంజరంలో పెట్టించు. పైన రేకు ఉండాలి, పక్కలు మూసేయకూడదు. కింద సిమెంటు గట్టు చదునుగా ఉండాలి. దగ్గర్లో మురుగు కాలువ నోరు, బోరు గుంట, ఏసీ మిషను, కరెంటు మీటరు ఉండకూడదు. పైకెక్కే మెట్లు అటువైపే అయితే పంజరం ఇంకో వైపుకు జరుపు. పైన పిల్లలు పడుకుని ఉండగా దిగే దారి మంటల పక్కనుంచి పోకూడదు. సెల్లారులో మాత్రం ఎవరు ఎంత చెప్పినా పెట్టకు.

పంజరం నుంచి లోపలికి రబ్బరు గొట్టం లాగొద్దు, ఇనప పైపు వేయించు. ఒక్కో సిలిండరు నుంచి పిగ్‌టైల్ అనే పొట్టి గొట్టం, దానికి గ్యాస్ వెనక్కి పోకుండా నాన్ రిటర్న్ వాల్వు, అన్నీ కలిసే హెడరు అనే పెద్ద పైపు, ప్రెషరు గేజి, రెగ్యులేటరు, ఆ తర్వాత లైను. వంటగది గుమ్మం పక్కన చేతికందే ఎత్తులో ఒక మెయిన్ వాల్వు తప్పనిసరి. అది పొయ్యిల వెనక ఉంటే మంట లేచినప్పుడు ఎవడూ చెయ్యి పెట్టలేడు. ఈ పనికి ఐఎస్ 6044 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం చేసి, లైనును ఒత్తిడి పెట్టి పరీక్షించి, రాసి ఇస్తావా అని పనివాణ్ణి ముందే అడుగు. మామూలు ప్లంబరు నీళ్ళ పైపుకు చుట్టే జనపనారతో, తెల్ల రంగుతో జాయింట్లు బిగించేస్తాడు. ఆ జాయింటు ఎండిపోయి నాలుగు నెలల్లో కారుతుంది.

ఒక్క సిలిండరుతో రెండు బట్టీ పొయ్యిలు నడుపుదామని అనుకోకు. లోపలి ద్రవం ఆవిరవ్వడానికి వేడి చుట్టూ ఉన్న గాలి నుంచే రావాలి. అంతకన్నా వేగంగా లాగితే సిలిండరు చల్లబడి, కింది సగం మీద మంచు పేరుకుని, మంట తగ్గిపోతుంది. అప్పుడు వంటవాడు చేసే పనులు రెండు: సిలిండర్ని వేడినీళ్ళ టబ్బులో పెట్టడం, లేదా పక్కకు పడుకోబెట్టడం. పడుకోబెడితే ఆవిరి బదులు ద్రవమే పైపులోకి దూరుతుంది. అది బర్నరు దగ్గర రెండువందల యాభై రెట్లు ఉబ్బుతుంది, మంట మనిషెత్తు లేస్తుంది. మంచు కనిపిస్తే ఇంకో సిలిండరు హెడరుకు కలపాలి, అంతే.

ఇక లెక్కలు. గ్యాస్ సిలిండర్ల నిబంధనలు, 2016 ప్రకారం లైసెన్సు లేకుండా ఒకచోట వంద కిలోల దాకా ఎల్పీజీ ఉంచుకోవచ్చు. పంతొమ్మిది కిలోలవి ఐదు పెడితే 95. ఆరోది వస్తే 114 అవుతుంది, అప్పుడు పెసో, అంటే నాగపూర్ ప్రధాన కార్యాలయంగా పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ, ఇచ్చే లైసెన్సు కావాలి. పండగలకు ముందు ఆరో సిలిండరు తెచ్చి పక్కన పెట్టుకోవడం చాలామంది చేసే పొరపాటు. నీ వాడకానికి మూడు లైనులో, రెండు విడిగా చాలు. ఖాళీవని ఇంట్లోకి దొర్లించకు, వాటిలో ఆవిరి మిగిలే ఉంటుంది. వాల్వుకు మూత బిగించి ఆ పంజరంలోనే నిలబెట్టాలి.

ఇంటి ఎర్ర సిలిండరు హోటల్లో వాడడం నేరం. ఎల్పీజీ సరఫరా, పంపిణీ నియంత్రణ ఉత్తర్వు 2000లో వచ్చింది, నిత్యావసర వస్తువుల చట్టం కింద. పౌరసరఫరాల వాళ్ళు తనిఖీకొస్తే ఆ చట్టం 6ఎ సెక్షను కింద జప్తు కేసు రాసి సిలిండర్లు, స్టవ్వులు పట్టుకుపోతారు. ధర తేడా చూసి నీ ఇరుగుపొరుగు హోటళ్ళవాళ్ళు ఆ సలహా ఇస్తారు, వినకు. కేసు ఒక్కటే కాదు, బీమా సంగతి కూడా ఉంది. ఆయిల్ కంపెనీలు గ్యాస్ ప్రమాదాలకు తీసుకునే బీమాలో మనిషి పోతే 6 లక్షలు, వైద్యానికి మనిషికి 2 లక్షల దాకా, ఒక ప్రమాదానికి మొత్తం 30 లక్షల మించకుండా, ఆస్తినష్టానికి 2 లక్షల దాకా ఉంటుంది. ఆ ఆస్తినష్టం కనెక్షన్ నమోదైన చిరునామాలో జరిగితేనే ఇస్తారు. ఇంటి పేరున తీసుకున్న సిలిండరు హోటల్లో పేలితే ఏ కాగితం పట్టుకుని అడుగుతావు? ప్రమాదం జరిగిన వెంటనే ఏజెన్సీకి రాతపూర్వకంగా తెలియజేయాలి. గొట్టం, రెగ్యులేటరు, స్టవ్వు కొన్న రసీదులన్నీ ఒక ఫైల్లో పెట్టి పైన ఇంట్లో ఉంచు, కొట్లో కాదు.

జనరేటరులో పోసే ఇంధనానికి కూడా హద్దులున్నాయి. పెట్రోలును లైసెన్సు లేకుండా, అమ్మకానికి కాకుండా, 30 లీటర్లే ఉంచుకోవచ్చు. డీజిలుకు 2,500 లీటర్ల దాకా వెసులుబాటు ఉంది, ఏ ఒక్క పీపా వెయ్యి లీటర్లు దాటకూడదు. నీకు అంత అవసరమే లేదు, డీజిలుదే కొను. నడుస్తున్న ఇంజనులో, అప్పుడే ఆపిన ఇంజనులో డీజిలు పోయొద్దు. మిషను బయట పెట్టు. సగం దించిన షట్టరు వెనక నడిపితే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి వాసన లేదు, మనిషికి నిద్ర వచ్చినట్టే ఉంటుంది.

ఇక్కణ్ణుంచి నువ్వూ, కోడలూ ఇద్దరూ చదవండి.

సిలిండరు దింపేటప్పుడు సీలు తీయించి అక్కడే చూడండి. తూకం వేయమంటే డెలివరీ అబ్బాయి వేయాలి. ఖాళీ బరువు సిలిండరు మీదే అంకెల్లో ఉంటుంది, దానికి 14.2 కలిపితే ఇంటిది, 19 కలిపితే హోటల్‌ది. పైన పిడికి ఆనుకున్న పట్టీ మీద లోపలి వైపు ఒక అక్షరం, సంవత్సరం ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి ఏప్రిల్ నుంచి జూన్, సి జూలై నుంచి సెప్టెంబరు, డి చివరి మూడు నెలలు. ‘సి 27’ అని ఉంటే 2027 సెప్టెంబరు లోపు అది పరీక్షకు వెళ్ళాలి. గడువు దాటింది తెస్తే తీసుకోవద్దు.

మూత తీశాక వాల్వు నోట్లో నల్లటి రబ్బరు వాషరు ఉందో లేదో వేలితో కాదు, కంటితో చూడండి. ఎక్కువ లీకులు దానివల్లే. అది చిరిగినా లేకపోయినా, రెగ్యులేటరు మీట ఆన్ చేసినప్పుడే వాసన వస్తుంది, ఆపితే ఆగిపోతుంది. రెగ్యులేటరు పెట్టకముందే సుయ్యిమంటే లోపలి పిన్ను సరిగ్గా కూర్చోలేదని అర్థం. పుల్లతో, స్క్రూడ్రైవరుతో దాన్ని పొడవకండి. నైలాను దారానికి వేలాడే మూత గట్టిగా నొక్కి బిగిస్తే అదే ఆపుతుంది. ఆ దారం తెంపి మూత పారేయడం మన ఇళ్ళల్లో అలవాటు. మానాలి.

లీకు చూడడానికి సబ్బునీళ్ళే. వాల్వు మెడ, రెగ్యులేటరు చుట్టూ, గొట్టం రెండు చివర్లు, స్టవ్వు నాబ్‌ల కింద నురగ రాసి బుడగలు వస్తాయేమో చూడాలి. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్ళు ఇంకా ఉన్నారు. నాబ్ దగ్గర బుడగ వస్తే లోపల గ్రీజు ఎండిపోయి ఉంటుంది, మెకానిక్‌ని పిలవాలి.

ఇంట్లో ఐఎస్ 9573 ముద్రతో నారింజ రంగులో వచ్చే సురక్ష గొట్టమే వాడండి. మీటరున్నర మించకూడదు, ఐదేళ్ళకు మార్చాలి. దాని మీద తేదీ ఉంటుంది. ఎలకలు కొరుకుతున్నాయని గుడ్డ చుడితే పగులు కనిపించదు. గోడలోంచి, బల్ల సొరుగులోంచి దూర్చొద్దు. ఈ గొట్టం తీసుకెళ్ళి కింద బట్టీకి తగిలించొద్దు. ఇంటి రెగ్యులేటరు ఒత్తిడిని ముప్పై మిల్లీబార్ల దగ్గరకు దించుతుంది, బట్టీ రెగ్యులేటరు అలా దించదు. అదే పగుల్లోంచి ఎన్నో రెట్లు గ్యాస్ చిమ్ముతుంది. ఐదేళ్ళకోసారి ఏజెన్సీవాళ్ళు చేయాల్సిన తప్పనిసరి తనిఖీని వాయిదా వేయకండి.

సిలిండరు నిలువుగా, స్టవ్వు గట్టు మీద దానికన్నా ఎత్తుగా ఉండాలి. అరలో దాచాలనుకుంటే ఆ తలుపుకు కింది భాగాన జాలీ పెట్టించండి. వంటగదిలో దేవుడి గూడు నేలకు దగ్గరగా ఉందని అక్కయ్య అంది. అక్కయ్యకు నచ్చజెప్పి దాన్ని హాల్లోకి మార్పించు. గ్యాస్ ముందు చేరేది ఆ దీపం దగ్గరికే. ఫ్రిజ్జు కూడా బయటే ఉండాలి, దాని కంప్రెసరు దానంతటదే ఆన్ అవుతుంది, నిప్పురవ్వ కింద పుడుతుంది. గ్యాస్ గీజరును స్నానాలగదిలో బిగించనివ్వకండి, పొగ బయటికి పోయే చోట బాల్కనీలో పెట్టి నీళ్ళ పైపు లోపలికి తెచ్చుకోండి.

నీ కొట్టుకు అసలు ప్రమాద సమయం తెల్లవారుజాము. రాత్రి వంటవాడు నాబ్ సగం తిప్పి వెళ్తాడు, నాలుగింటికి ఒక కుర్రాడు షట్టరు ఎత్తి ముందు లైటు, తర్వాత నేల మీదున్న పిండి గ్రైండరు ఆన్ చేస్తాడు. రెండూ నిప్పురవ్వలే. అందుకని రాత్రి మూసేటప్పుడు పొయ్యి వెలుగుతుండగానే మెయిన్ వాల్వు కట్టేయాలి. పైపులో మిగిలింది కాలిపోయి మంట దానంతటదే ఆరాక నాబ్‌లు మూయాలి, సిలిండర్ల వాల్వులూ మూయాలి. పొద్దున షట్టరు పూర్తిగా ఎత్తి, వెనక తలుపు తీసి, వంగి వాసన చూశాకే స్విచ్చు. కరెంటు మెయిన్ వంటగది బయటి గోడకు పెట్టించు. గ్యాస్ డిటెక్టరు కొంటే నేల నుంచి అడుగు ఎత్తులో బిగించు. అమ్మేవాళ్ళు అందంగా ఉంటుందని పైన బిగిస్తారు, అది ఊళ్ళో పైపుల్లో ఇళ్ళకు వచ్చే సహజవాయువుకు సరి. ఆ సహజవాయువు గాలికన్నా తేలిక, పైకి పోతుంది.

వాసన గట్టిగా వస్తే లైటు వేయకూడదు, వెలుగుతున్నది ఆర్పకూడదు, ఫ్యాను, ఫోను ముట్టకూడదు. వాల్వు కట్టేసి, తలుపులు తీసి, అందరినీ బయటికి పంపి, దూరం వెళ్ళాక 1906కి ఫోను చేయాలి. రాత్రీపగలూ పలుకుతారు. అగ్నిమాపక కేంద్రం 101.

మంట లేచినప్పుడు ఒక్కటి గుర్తుంచుకో. గ్యాసు ఆపగలిగే దారి లేకుండా మంట ఆర్పొద్దు. మంట ఆరి గ్యాస్ ఆగకపోతే అది గదంతా నిండి ఒక్కసారిగా అంటుకుంటుంది. ముందు మెయిన్ వాల్వు. ఇంటి సిలిండరు నోటి దగ్గర మంటైతే తడి గోనెసంచి కప్పి, ఆ చేతితోనే రెగ్యులేటరు మీట తిప్పి ఆపొచ్చు. మంట సిలిండరు పొట్టకు తగులుతుంటే మాత్రం ఎవరూ దగ్గరికి పోవద్దు. ఉక్కు మెత్తబడి చీలుతుంది. అందరినీ దూరం పంపి, వీలైతే చాటు నుంచి నీళ్ళు కొట్టి చల్లబరచాలి. నూనె మూకుడు అంటుకుంటే నీళ్ళు చల్లొద్దు, స్టవ్వు ఆపి మూత జారవిడిస్తే చాలు. గుమ్మం దగ్గర మంటలార్పే ఆరు కిలోల ఎబిసి పొడి ఎక్స్‌టింగ్విషరు ఒకటి తగిలించు. పనివాళ్ళందరి చేతా ఒకసారి పిన్ను లాగించి, కొట్టించు. నింపించడానికి అయ్యే ఖర్చు చూసుకోకు.

సందు వెడల్పు, మెట్లు ఎటు దిగుతాయి, మురుగు కాలువ ఎక్కడుంది, ఇవన్నీ కాగితం మీద గీసి ఫోటో పంపు. పంజరం చోటు తేలేదాకా టైల్స్ మేస్త్రీని ఆపు.

ఆశీస్సులతో,
మావయ్య