పెళ్లి కాకుండా దంపతులకు కౌన్సెలింగ్ చేయగలనా?

ప్రశ్న: ఎమ్మెస్సీ సైకాలజీ చివరి ఏడాది చదువుతున్నాను. ఇంటర్న్‌షిప్‌లో ఓ దంపతుల సెషన్‌లో కూర్చున్నాను. పది నిమిషాలకే ఇద్దరూ అరుచుకున్నారు. నాకు చేతులు వణికాయి. పైగా ఆవిడ ‘నీకు పెళ్లయిందా?’ అని అడిగింది. ఈ రంగం నాకు సరిపడుతుందా?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: తప్పకుండా సరిపడుతుందమ్మా. ఆ ప్రశ్న మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. ‘కాలేదండీ. మీ కాపురం సంగతి మీరే చెప్పాలి, నేను వింటాను’ అనండి, చాలు.

నేర్చుకోవాల్సింది గొడవను ఆపడం. పెద్దవాళ్లు కదా అని మొహమాటపడి ఊరుకుంటే ఇంట్లో జరిగే గొడవే మీ ముందూ జరుగుతుంది. చెయ్యెత్తి ఆపండి. ఒకరు రెండు మాటలు చెప్పాలి, రెండోవారు జవాబివ్వకుండా, విన్నదాన్నే తిరిగి చెప్పాలి. ఉదాహరణకు భార్య, ‘అత్తయ్య నన్ను తిడుతుంటే మీరు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారు’ అంటుంది. భర్త, ‘మా అమ్మ మంచిది కాదంటోంది’ అంటాడు. ఆవిడ బాధ అత్తగారి గురించి కాదు, భర్త మౌనం గురించి. ‘ఆవిడ అన్నది అదేనా? ఇంకోసారి వినండి’ అనండి. రెండు మూడుసార్లకైనా ‘నేను పట్టించుకోలేదని బాధపడింది’ అనే మాట ఆయన నోటి నుంచి వస్తే, ఆవిడ గొంతు దానంతటదే తగ్గుతుంది.

దంపతుల మాటతీరును ఏళ్ల తరబడి గమనించిన అమెరికన్ పరిశోధకుడు జాన్ గాట్‌మన్, చులకనగా మాట్లాడటాన్ని అన్నిటికన్నా పెద్ద ప్రమాద సూచనగా చెప్పారు. పెదవి విరుపు, వెటకారం కనిపిస్తే వదిలేయకండి. కోపంతో గుండె దడదడలాడుతున్నప్పుడు మాట బుర్రకెక్కదు. అప్పుడు కనీసం 20 నిమిషాలు విరామం ఇవ్వాలి.

ఒక్క విషయంలో మాత్రం అస్సలు రాజీ పడొద్దు. మొదట్లోనే ఇద్దరినీ విడివిడిగా కలిసి, ‘ఇంట్లో ఎప్పుడైనా భయపడ్డారా? చెయ్యి చేసుకోవడం ఉందా?’ అని అడగండి. ఉంటే కలిపి కూర్చోబెట్టకండి. ఇక్కడ ఆవిడ చెప్పిన మాటకు ఇంటికెళ్లాక దెబ్బలు తినాల్సి రావచ్చు. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ అధికారులు ఉంటారని ఆవిడకు చెప్పండి, వెంటనే మీ సూపర్‌వైజర్‌కూ తెలియజేయండి.

క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే ఎమ్మెస్సీ సరిపోదు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) గుర్తింపు ఉన్న కోర్సు చేసి, అక్కడే, రిజిస్టర్ చేయించుకోవాలి. కౌన్సెలర్లకు ఫ్యామిలీ కోర్టుల్లోనూ చోటుంది, 1984 నాటి చట్టంలోనే ఆ ఏర్పాటు ఉంది.

ఈలోగా ఇద్దరు క్లాస్‌మేట్లను భార్యాభర్తల్లా పోట్లాడమని, మధ్యలో మీరు కూర్చోండి. ‘ఆగండి’ అనే ఆ ఒక్క మాట గట్టిగా, మర్యాదగా వచ్చేదాకా ప్రాక్టీస్ చేయండి.